అతిథికి మన ఊరిలో ఏమి చూపుదాం?

మొన్న సెలవులకు మా చెల్లెలి కుమార్తె తన భర్తతో, పిల్లలతో హైదరాబాదు నుండి అనకాపల్లిలోని మా ఇంటికి వచ్చింది. మధ్యాహ్నం దస్తర్‌ఖాన్ ఎత్తిన తరువాత, పదకొండేళ్ల మనవడు మా పక్కన చేరి, "నానా, మీ ఊరిలో చూడటానికి ఏమున్నాయి?" అని అడిగాడు. అప్పటికే వాడి చేతిలోని ఫోనులో దుబాయి ఆకాశహర్మ్యాలు, సింగపూరు సముద్రతీరం, ఇస్తాంబుల్ మినార్లు ఒకదాని వెంట ఒకటి కదులుతున్నవి. మేము తడుముకోకుండా "బెల్లం ఉన్నది" అన్నాము. వాడు పకపక నవ్వి, "బెల్లం తినటానికి కదా నానా, చూడటానికి ఏమున్నాయి?" అన్నాడు. ఇంటిల్లిపాదీ నవ్వారు. మేమూ నవ్వాము గాని, జవాబు మాత్రం వెంటనే దొరకలేదు.

వేల మైళ్ల దూరాన ఉన్న నగరాల పేర్లు, వాటి కట్టడాలు, వాటి వంటకాలు మన పిల్లలకు కంఠోపాఠంగా ఉన్నవి. ఆ నగరాలు వాటంతట అవి వారి ఫోనులోకి రాలేదు. వాటి వెనుక ప్రభుత్వాల పథకాలు, కోట్ల ధనం, ఏళ్ల తరబడి సాగిన కృషి ఉన్నవి. మన ఊరిని గురించి వారికి చెప్పవలసినవారు ఎవరు? మనమే. మనం చెప్పలేదు. ఆ లోటును తలచుకుంటూ, దేశాలూ నగరాలూ అతిథులను పిలిచే విద్యను గురించి, ఆ విద్యలోని మంచి చెడులను గురించి ఈ నెల పాఠకులతో కొంత ముచ్చటించాలని అనుకుంటున్నాము.

రమ్మని పిలిచే విద్య

1970ల నడుమ న్యూయార్క్ నగరం దివాలా అంచుకు చేరింది. నేరాలు పెరిగిపోయాయి. ఆ నగరానికి వెళ్లాలంటే జనం జంకే రోజులవి. అటువంటి సమయంలో, 1977లో, న్యూయార్క్ రాష్ట్ర వాణిజ్య శాఖ ఒక ప్రచారం చేపట్టింది. మిల్టన్ గ్లేజర్ అనే చిత్రకారుడు దాని కొరకు ఒక చిన్న గుర్తు గీసి ఇచ్చాడు. మూడు ఆంగ్ల అక్షరాలు, వాటి మధ్య ఒక ఎర్రని హృదయం. "నాకు న్యూయార్క్ అంటే ప్రేమ" అని దాని భావం. అందుకు ఆయన రుసుము తీసుకోలేదు. నేటికీ ప్రపంచమంతటా చొక్కాల మీద, కప్పుల మీద, సంచుల మీద ఆ గుర్తు కనిపిస్తూనే ఉన్నది.

నియంతృత్వం నుండి బయటపడిన స్పెయిన్ 1983లో ప్రఖ్యాత చిత్రకారుడు జోన్ మీరో గీసిన సూర్యుని తన పర్యాటక చిహ్నంగా చేసుకున్నది. మన పొరుగున కేరళ 1980ల చివరలో తనను "దేవుని సొంత దేశం"గా పరిచయం చేసుకున్నది. భూమి అంతా దైవానిదే అన్న మాట అటుంచితే, ఆ ఒక్క మాటతో కొబ్బరి తోటలూ బ్యాక్ వాటర్లూ పడవ ఇళ్లూ ప్రపంచ పటంలో చోటు సంపాదించుకున్నవి. 1999లో మలేషియా "ట్రూలీ ఏషియా" అన్నది. మలయులు, చైనీయులు, భారతీయులు కలిసి జీవించే తన సమాజాన్నే అది ఆకర్షణగా చూపింది. 2002లో మన దేశం "ఇన్‌క్రెడిబుల్ ఇండియా" అంటూ ముందుకు వచ్చింది.

వీటన్నిటిలో ఒక పద్ధతి ఉన్నది. ఊరిలో వంద విశేషాలు ఉండవచ్చు. వాటిలో ఒక్కదానిని ఎన్నుకుంటారు. దానికి ఒక మాట, ఒక బొమ్మ జత చేస్తారు. వాటిని ఏళ్ల తరబడి మార్చకుండా వినిపిస్తారు. ఆపైన తమ మాటను ఇతరుల నోట పలికిస్తారు. విలేఖరులను ఆహ్వానించి ఊరు తిప్పుతారు. సినిమా చిత్రీకరణకు సదుపాయాలు కల్పిస్తారు. 2011లో ఒక హిందీ చిత్రానికి స్పెయిన్ పర్యాటక సంస్థ తోడ్పడగా, ఆ తరువాత మన దేశం నుండి అక్కడికి వెళ్లేవారు పెరిగారు. 1966 నుండి బెర్లిన్‌లో, 1994 నుండి దుబాయిలో పర్యాటక సంతలు జరుగుతున్నవి. మన అనకాపల్లి బజారులో రైతులు బెల్లం దిమ్మలను వరుసగా పేర్చి కొనుగోలుదారుల ముందు ఉంచినట్లే, అక్కడ దేశాలు తమ తమ అంగళ్లు తెరిచి కూర్చుంటవి.

ఇంత శ్రమ ఎందుకంటే, వచ్చిన అతిథి బస, భోజనం, ప్రయాణం, కానుకలు అన్నిటికీ ఖర్చు పెడతాడు. ఆ ధనం ఆటో నడిపేవాని నుండి ఇడ్లీ బండివాని వరకు అందరికీ కొంత చేరుతుంది. పెద్ద పెద్ద కర్మాగారాలు లేని ఊరికి కూడా ఉపాధి కల్పించగల మార్గమిది. అందువల్ల ఈ ప్రయత్నాన్ని వట్టి ఆడంబరమని తీసిపారేయడం న్యాయం కాదు.

కూతవేటు దూరంలోని కొండ

మరునాడు ఉదయం ఫజర్ నమాజు ముగిశాక, ఎండ ముదరకముందే పిల్లలను తీసుకొని శంకరం గ్రామానికి బయలుదేరాము. అది మా పట్టణానికి కూతవేటు దూరంలో ఉన్నది. బయలుదేరే ముందు మా ఆపా ఒక సందేహం వెలిబుచ్చారు. "అక్కడ బుద్ధ విగ్రహాలున్నాయట కదా, మనకక్కడ ఏమి పని?" అన్నారు. ఆమె మాటను తోసిపుచ్చలేదు. భూమిపై సంచరించి, పూర్వజాతుల గతి ఏమైనదో చూడమని దివ్యఖుర్ఆన్ మనుషులకు ఒకచోట కాదు, పలుచోట్ల చెబుతున్నదని మాత్రం మనవి చేశాము. చూడటం వేరు, ఆరాధించటం వేరు. ఆమె కాసేపు ఆలోచించి, "అయితే నేనూ వస్తాను, మెట్లు మాత్రం ఎక్కించకండి" అన్నారు.

శంకరం అనే పేరు సంఘారామం అన్న మాట నుండి వచ్చిందంటారు. బౌద్ధ భిక్షువులు నివసించిన చోటు అని దాని అర్థం. అక్కడ రెండు కొండలున్నవి. తూర్పున ఉన్నది బొజ్జన్నకొండ, పడమట ఉన్నది లింగాలకొండ. "బుద్ధుని కొండ" అన్న మాటే జనం నోట నాని బొజ్జన్నకొండ అయిందని పెద్దలు చెబుతారు. బొజ్జన్నకొండ రాతిని తొలిచి గుహలు చేశారు. కొండ పైభాగాన బండనే స్తూపంగా చెక్కి, దాని చుట్టూ ఇటుక కట్టారు. లింగాలకొండ మీదనైతే ఏకశిలా స్తూపాలు చిన్నవీ పెద్దవీ వరుసలు వరుసలుగా నిలిచి ఉన్నవి. దూరం నుండి చూసినవారికి శివలింగాలుగా తోచినందువల్లే ఆ కొండకు ఆ పేరు వచ్చింది.

1906లో అలెగ్జాండర్ రీ అనే పురావస్తు అధికారి ఆధ్వర్యంలో ఇక్కడ తవ్వకాలు మొదలైనవి. గుప్త చక్రవర్తి సముద్రగుప్తుని బంగారు నాణెం, తూర్పు చాళుక్య రాజు కుబ్జ విష్ణువర్ధనుని రాగి నాణేలు, శాతవాహనుల కాలపు సీసపు నాణెం ఇక్కడ బయటపడినవి. ఎక్కడి గంగాతీరం, ఎక్కడి అనకాపల్లి! ఆ బంగారు నాణెం ఏ వర్తకుని మూటలో, ఏ యాత్రికుని కొంగున ఇక్కడికి చేరిందో గాని, ఒకనాడు మన ఊరికి దూరదేశాల మనుషులు వచ్చిపోయేవారని అది సాక్ష్యం పలుకుతున్నది. అప్పుడు పోస్టర్లు లేవు, ఫోన్లు లేవు. ఇక్కడ విద్య ఉన్నదని, ఆశ్రయం ఉన్నదని ఒకరి నోట ఒకరు విని వచ్చారు.

నేడు ఈ కొండలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. స్వదేశ్ దర్శన్ పథకం కింద ఆంధ్రప్రదేశ్‌కు మంజూరైన బౌద్ధ యాత్రాస్థలాల వరుసలో శాలిహుండం, బావికొండ, అమరావతి, అనుపులతో పాటు బొజ్జన్నకొండకూ చోటు దక్కింది.

అయితే ఈ కొండ చరిత్రలో మన మనసుకు తగలవలసిన సంగతి ఒకటి ఉన్నది. చాలాకాలం వరకు, ఏటా కనుమ పండుగ నాడు చుట్టుపక్కల జనం ఇక్కడికి వచ్చి, కొండ మీది ఒక ఆకృతిని రాక్షసునిగా భావించి దానిపై రాళ్లు రువ్వేవారు. వారిలో ద్వేషం ఏమీ లేదు. తాతలు రువ్వారు గనుక వారూ రువ్వారు. వారసత్వ సంపద విలువ తెలిసినవారు కొందరు పూనుకొని, ఊరూరా చెప్పి, నచ్చజెప్పి ఆ అలవాటును మాన్పించారు.

పర్యాటక ప్రచారం గురించి ఎన్ని పుస్తకాలు చదివినా దొరకని పాఠం ఇందులో ఉన్నదని మాకు అనిపించింది. ఊరిని గురించి మొదట తెలియజెప్పవలసింది ఊరివారికి. తన ఇంట్లో ఏమున్నదో ఎరుగనివాడు అతిథికి ఏమి చూపగలడు? ఇంటివారే రాళ్లు రువ్వుతుంటే బయటివారిని రమ్మని పిలిచి ఏమి లాభం? మనవడు ఒక స్తూపం చుట్టూ తిరిగి వచ్చి, "ఇంత పెద్దది ఉండగా నిన్న బెల్లం ఒక్కటే చెప్పారేమి నానా?" అన్నాడు. మేము రాళ్లు రువ్వలేదు నిజమే. కాని ఆ చిన్నవాని ప్రశ్న ముందు మా మౌనం కూడా ఒక రాయిలాగే తోచింది.

పైన పొడి, లోన తడి

బెల్లం అన్నాము గనుక ఆ మాటా చెప్పుకుందాం. దేశంలోనే పెద్ద బెల్లం మార్కెట్లలో అనకాపల్లిది ఒకటి. చెరకు పరిశోధన కొరకు ఇక్కడ 1913లోనే కేంద్రం వెలిసింది. ఆ బెల్లంలో ఒక చిక్కు ఉన్నది. కొనేవారికి పసుపు తేలిన తెల్లని రంగు కావాలి. రంగు బాగుంటేనే ధర పలుకుతుంది. అందుకని చెరకు రసం మరిగేటప్పుడు కొందరు హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. అప్పుడు బెల్లం మిలమిల మెరుస్తుంది. రసాయనం ముట్టని బెల్లం ముదురు రంగులో ఉండి, చూపులకు అంత సొగసుగా కనిపించదు. కాని రుచికీ ఆరోగ్యానికీ అదే మేలని ఇంటి పెద్దలకు తెలుసు.

ఊళ్ల ప్రచారంలో కూడా ఈ హైడ్రోస్ కలపడం జరుగుతుంది. తెల్లవారుజామున జనం లేని క్షణాన తీసిన ఫోటో, కంప్యూటరులో నీలం పెంచిన సముద్రం, చెత్తకుప్ప కనిపించకుండా పెట్టిన కెమెరా, ఇవన్నీ ఆ కోవలోనివే. కొన్నేళ్ల కిందట మేము కుటుంబంతో ఒక ప్రాంతానికి వెళ్లాము. పేరు చెప్పి ఎవరినీ నొప్పించడం మా ఉద్దేశం కాదు. కరపత్రంలో జలపాతం, పూలతోట, నవ్వుతున్న పిల్లలు ఉన్నారు. వెళ్లి చూస్తే జలపాతం ఉన్నది, తోట ఉన్నది. ఆడవారికి మరుగుదొడ్డి మాత్రం లేదు. ఆనాడు మా ఇంటి స్త్రీలు సాయంత్రం వరకు దాహమైనా నీళ్లు తాగకుండా గడిపారు. అందమైన జలపాతం ఎదుట దప్పికతో కూర్చున్న ఆ ముఖాలను మేము నేటికీ మరువలేదు. కరపత్రంలో అబద్ధం ఒక్కటీ లేదు. అవసరమైన నిజం ఒక్కటి దాచారు.

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకనాడు బజారులో ధాన్యపు రాశి పక్కగా వెళుతూ అందులో చేయి పెట్టి చూశారు. పైన పొడిగా ఉన్నది గాని లోన వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే వానకు తడిసిందని వర్తకుడు చెప్పాడు. జనం చూసేలా ఆ తడిసిన ధాన్యాన్ని పైన ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీశారు. మోసగించేవాడు తమవాడు కాడని హెచ్చరించారు. ఈ ఉదంతం మన ఇళ్లలో పిల్లలకు సైతం తెలిసినదే. ఆ వర్తకుడు నోటితో అబద్ధమాడినట్లు అందులో లేదు. తడిని కిందికి తోశాడు, అంతే. ఊరిని ప్రచారం చేసేవారికీ ఇది వర్తించదా?

మన విశాఖ అనుభవం కూడా ఇదే చెబుతున్నది. రుషికొండ సముద్రతీరానికి 2020లో "బ్లూ ఫ్లాగ్" గుర్తింపు లభించింది. డెన్మార్క్ కేంద్రంగా పనిచేసే ఒక సంస్థ పరిశుభ్రత, నీటి నాణ్యత, భద్రత వంటి అంశాలు పరిశీలించి ఇచ్చే జెండా అది. 2025 ఆరంభంలో నిర్వహణ లోపాల కారణంగా ఆ గుర్తింపు తాత్కాలికంగా పోయింది. జెండాలు దించవలసి వచ్చింది. అధికారులు కదిలి తీరాన్ని చక్కదిద్దిన తరువాత తిరిగి దక్కింది. ఆ దించివేత ఒక విధంగా మేలే చేసింది. తడి పైకి వచ్చింది గనుకనే ఆరబెట్టడం సాధ్యమైంది.

పిలిచినవారే వద్దన్నవేళ

పిలుపు ఫలించిన తరువాత ఏమవుతుంది? ఈ ప్రశ్న మొదటే వేసుకోని నగరాలు ఇప్పుడు తల పట్టుకుంటున్నవి. ఆమ్‌స్టర్‌డామ్ 2004లో "ఐ ఆమ్‌స్టర్‌డామ్" అనే నినాదంతో ప్రపంచాన్ని పిలిచింది. ఆ నినాదపు నిలువెత్తు అక్షరాల ముందు ఫోటోలు దిగే జనం అంతకంతకు పెరిగిపోవడంతో, 2018లో మ్యూజియం ఎదుట ఉన్న అక్షరాలను నగరం తానే తొలగించింది. 2023లో మరో అడుగు ముందుకు వేసి, తాగి అల్లరి చేయడానికి వచ్చే బ్రిటిష్ యువకులను "దూరంగా ఉండండి" అంటూ ప్రకటనలు ఇచ్చింది. పిలవడానికి ఖర్చు పెట్టిన నగరం, రావద్దనడానికి కూడా ఖర్చు పెట్టవలసి వచ్చింది.

వెనిస్ నగరం 2024 ఏప్రిల్‌లో, రద్దీ రోజుల్లో ఒక్క పూటకు వచ్చిపోయేవారిపై 5 యూరోల ప్రవేశ రుసుము ఆరంభించింది. అదే ఏడాది ఫిబ్రవరి నుండి బాలి ద్వీపం విదేశీయుల వద్ద 1,50,000 రూపాయలు, అంటే ఇండోనేషియా రూపాయలు, వసూలు చేస్తున్నది. 2024 జూలైలో బార్సిలోనా వాసులు ఇంటి అద్దెలు భరించలేక ఊరేగింపు తీసి, పర్యాటకులపై నీటి తుపాకులతో నీళ్లు చిమ్మారు. ఊరిలో పుట్టినవానికి ఊరిలో అద్దె ఇల్లు దొరకని స్థితి వస్తే ఆతిథ్యం ఎంతకాలం నిలుస్తుంది? మన పొరుగు దేశం భూటాన్ మాత్రం మొదటి నుండి జాగ్రత్త పడింది. తక్కువ మంది రావాలి, వచ్చినవారు ఊరికి మేలు చేసి వెళ్లాలి అన్నది దాని విధానం. విదేశీ పర్యాటకులు రోజుకు ఇంత అని రుసుము చెల్లించాలి.

కాబట్టి ఎంతమంది వచ్చారన్న లెక్క ఒక్కటే చాలదు. వచ్చినవారు ఏమి తీసుకువెళ్లారు, ఏమి విడిచి వెళ్లారు, ఊరివారి బతుకు మెరుగుపడిందా అన్నది కూడా లెక్కించాలి.

ముస్లిం కుటుంబం కొరకు ఎదురుచూపు

ఇటీవల అనేక దేశాలు ముస్లిం కుటుంబాలను ప్రత్యేకంగా ఆహ్వానిస్తున్నవి. ముస్లింలు కొద్దిమందే ఉన్న జపాన్ కూడా తన పెద్ద విమానాశ్రయాల్లో నమాజు గదులు ఏర్పాటు చేసింది. ముస్లిం యాత్రికులకు ఏ దేశం ఎంత అనుకూలమో కొలిచే అంతర్జాతీయ సూచిక 2015 నుండి వెలువడుతున్నది. అందులో మలేషియా అనేకసార్లు అగ్రస్థానాన నిలిచింది. హజ్, ఉమ్రా యాత్రికులకు నెలవైన సౌదీ అరేబియా 2019 సెప్టెంబరులో సాధారణ పర్యాటకులకు కూడా వీసాలు ఆరంభించి, రాతి కొండల్లో తొలిచిన హిజ్ర్ కట్టడాలను ప్రపంచానికి చూపుతున్నది.

మన ఇళ్లవారు ఏ ఊరికి వెళ్లినా అడిగేవి ఏమిటి? హలాల్ భోజనం, వుజూకు నీరు, నమాజుకు కాస్త శుభ్రమైన చోటు, స్త్రీలకు మరుగుగల సదుపాయాలు, పిల్లలతో నిర్భయంగా తిరగగలిగే వాతావరణం. వీటిలో మొదటివి మన ధర్మానికి సంబంధించినవి కావచ్చు. మిగిలినవి ఏ కుటుంబానికి అక్కరలేదు? నీరు, శుభ్రత, భద్రత ఉన్న చోటు అందరికీ స్వాగతం పలుకుతుంది. ఈ సంగతి ఎరిగిన మనమే మన ఊరికి వచ్చే బౌద్ధ యాత్రికునికి, హిందూ కుటుంబానికి, విదేశీయునికి వారి వారి అవసరాలను తీర్చడంలో ముందుండాలి. తనకు కోరుకున్నదే తోటివానికీ కోరుకోవడం మనకు నేర్పిన మర్యాద.

మన వంతు

2022 ఏప్రిల్ 4న అనకాపల్లి ప్రత్యేక జిల్లా అయింది. అంతవరకు విశాఖ నీడలో ఉన్న ఊరు ఇక తన పరిచయం తానే చేసుకోవాలి. చెప్పుకోవడానికి లేమి లేదు. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉన్నది. అక్కడి కళాకారులు అంకుడు కర్రను తరిణె పట్టి, లక్క పూసి, గింజలు, వేళ్లు, ఆకులు, బెరళ్ల నుండి తీసిన రంగులతో బొమ్మలు చేస్తారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద నిలిచినవి అవే. నోట పెట్టుకున్నా పసిబిడ్డకు హాని చేయని రంగులు అని చెప్పడానికి ఏ నినాదమూ అక్కరలేదు. కొండకర్ల ఆవ ఉన్నది. కొల్లేరు తరువాత రాష్ట్రంలో పెద్ద మంచినీటి సరస్సుగా దానికి పేరు. తాటిదోనెల మీద వెళుతూ వలస పక్షులను చూడవచ్చు. గానుగల దగ్గర చెరకు రసం బెల్లంగా మారే తీరు చూడటమే ఒక వినోదం. మనవని మాట తప్పు. బెల్లం చూడటానికి కూడా పనికివస్తుంది.

ప్రభుత్వం రహదారులు వేయాలి, సదుపాయాలు కల్పించాలి. ఆ బాధ్యతను గుర్తు చేయడం పౌరుల పని. కాని ఇంటివారు చేయగలిగినవీ కొన్ని ఉన్నవి. సెలవుల్లో ఒక్క రోజైనా పిల్లలకు సొంత జిల్లాను చూపవచ్చు. చూసిన చోట రాతి మీద పేర్లు చెక్కకుండా, సీసాలు పారవేయకుండా వారిని తీర్చిదిద్దవచ్చు. దారి అడిగిన కొత్తవానికి సరైన దారి, ఆటో ఎక్కినవానికి సరైన ధర చెప్పవచ్చు. "ఇక్కడ నీడ తక్కువ, నీళ్లు వెంట తెచ్చుకోండి" అని ముందే చెప్పడం వల్ల ఏ ఊరి పరువూ పోదు. ఆ మాట విన్నవాడు మన మిగతా మాటలు కూడా నమ్ముతాడు.

మా అతిథులు తిరుగు ప్రయాణమైన నాడు స్టేషనుకు వెళ్లే దారిలో బెల్లం కొనడానికి ఆగాము. అంగట్లో రెండు రకాలున్నవి. ఒకటి తెల్లగా మెరుస్తున్నది, ఒకటి ముదురు గోధుమ రంగులో ఉన్నది. మనవడు ముందు మెరిసేదాని వైపు చేయి చాచాడు. తరువాత ఆగి, అంగడి యజమానిని "ఇందులో మందు కలిపారా అండీ?" అని అడిగాడు. ఆయన ఒక్క క్షణం తటపటాయించి, "అది రంగు కోసం చేసింది బాబూ. ఇంటికైతే ఈ నల్లది తీసుకెళ్లు" అన్నాడు.

ముదురు రంగు దిమ్మను మూట కట్టించుకుని రైలెక్కారు. హైదరాబాదు చేరిన మరునాడు ఫోను చేసిన మనవడు, బడిలో స్నేహితులకు బొజ్జన్నకొండ సంగతీ, బెల్లం సంగతీ, ఆ అంగడి యజమాని సంగతీ చెప్పానన్నాడు. వారిలో ఒకడు వచ్చే సెలవులకు తమవాళ్లతో అనకాపల్లి వస్తానన్నాడట.